పన్నెండో నిమిషం, నా లోపలి అంచున

నేను అబుదాబీలోని జాయెద్ స్పోర్ట్స్ సిటీ స్టేడియంలో గోల్ స్తంభాన్ని. నా జంట 7.32 మీటర్ల అవతల నిలబడి ఉంటుంది. మా ఇద్దరినీ కలుపుతూ 2.44 మీటర్ల ఎత్తున అడ్డుకమ్మీ. నా మందం 12 సెంటీమీటర్లకు మించదు. బంతి అందులో ఏ పక్క తగిలిందన్న దానిమీదే స్ట్రైకర్ల బతుకులు తేలిపోతాయి. బయటికి కొట్టి తల పట్టుకున్నవాళ్ళను చాలామందినే చూశాను. లోపలికి కొట్టినవాళ్ళలో నేను మరిచిపోలేనివాడు ఖతర్ ఆటగాడు అల్మోజ్ అలీ.

అతను 1996లో సూడాన్‌లోని ఖార్టూమ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే ఖతర్ చేరి, దోహాలోని ఆస్పైర్ అకాడమీలో ఆట నేర్చాడు. అక్కడి పిల్లలకు కోచ్ ఫెలిక్స్ సాంచెజ్. 2014లో సాంచెజ్ వాళ్ళతోనే అండర్-19 ఆసియా టైటిల్ గెలిచాడు, ఎదిగొచ్చిన అదే కుర్రాళ్ళతో 2019 ఆసియా కప్‌కు మా గడ్డ మీదికి వచ్చాడు.

రావడమే కష్టకాలంలో వచ్చారు. అప్పటికి 2017 నుంచీ ఖతర్‌తో మా యూఏఈకి రాకపోకలు లేవు. ఆ జట్టు కోసం అరిచే గొంతులు గ్యాలరీలో దాదాపు లేవు. ఉత్తర కొరియా మీద అల్మోజ్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. సెమీస్‌లో ఇదే ఊళ్ళో మరో మైదానంలో యూఏఈని 4-0తో ఓడించినప్పుడు ఖతర్ ఆటగాళ్ళ మీదికి చెప్పులు, సీసాలు వచ్చిపడ్డాయి. ఆపైన అల్మోజ్‌కు ఖతర్ తరఫున ఆడే అర్హతే లేదని ఫిర్యాదు. దాన్ని ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య కొట్టేసింది సరిగ్గా ఫైనల్ రోజునే, ఫిబ్రవరి 1న.

ఆ సాయంత్రం ఎదురు జట్టు జపాన్, అప్పటికే నాలుగుసార్ల విజేత. పన్నెండో నిమిషంలో అక్రమ్ అఫీఫ్ ఎడమవైపు నుంచి బంతి అందించాడు. అల్మోజ్ వీపు నావైపు ఉంది. మొదటి స్పర్శతో బంతిని ఆపాడు, రెండోదానితో గాల్లోకి లేపాడు, మూడోది బైసికల్ కిక్! గోల్‌కీపర్ గోండా చేయి చాచేలోగా బంతి నా లోపలి అంచు పక్కగా వలలో పడింది. ఆ టోర్నీలో అతనికి తొమ్మిదో గోల్ అది. 1996లో ఇరాన్ ఆటగాడు అలీ దాయీ నెలకొల్పిన ఎనిమిది గోల్స్ రికార్డు చెరిగిపోయింది. 3-1తో ఖతర్‌కు తొలి ఆసియా కప్ దక్కింది.

ఎక్కడ పుట్టాడో కొలిచే శక్తి నాకు లేదు. ఎక్కడ నేర్చాడో మాత్రం ఆ మూడు స్పర్శల్లోనే తెలిసిపోయింది.

తర్వాతి సంగతులు నాకు విని తెలిసినవే. అదే ఏడాది బ్రెజిల్‌లోని మరకానాలో పరాగ్వే మీద గోల్. 2021లో అమెరికాలో జరిగిన గోల్డ్ కప్‌లో నాలుగు గోల్స్‌తో టాప్ స్కోరర్. 2022లో సొంతగడ్డ మీద ప్రపంచకప్‌లో మాత్రం ఖతర్ మూడు మ్యాచ్‌లూ ఓడింది, అతనికి ఒక్క గోల్ కూడా పడలేదు. అప్పుడు అక్కడి స్తంభాల మీద నాకు నిజంగానే కోపం వచ్చింది.

2024 ఫిబ్రవరిలో దోహాలో ఆసియా కప్ సెమీస్. ఇరాన్‌తో స్కోరు 2-2. 82వ నిమిషంలో గెలుపు గోల్ అల్మోజ్‌దే. ఖతర్ మళ్ళీ కప్ గెలిచింది. ఆ సెమీస్ రాత్రి గ్యాలరీ నిండా అతని జనమే, ఒకటే హోరట. ఆ చప్పట్లు అతనికి 2019లోనే, మా అబుదాబీలోనే పడాల్సింది.