ఆగస్టులో మంచు

మళ్లీ పి1. మా బేస్‌మెంటు డీహ్యూమిడిఫైయర్ భాషలో దానర్థం, "నా కాయిల్ మీద మంచు పేరుకుంది, కరిగేదాకా నన్ను కదిలించకు" అని. నెల ఆగస్టు, ఊరు న్యూజెర్సీ, బయట కుక్కలు నీడ వెతుక్కుంటున్నాయి. టార్చి వేసి చూస్తే కాయిల్ మీద మంచు కాదు గదా, చెమటచుక్క కూడా లేదు. కంప్రెసర్ పడుకుంది. ఫ్యాను మాత్రం తిరుగుతోంది, కరెంటు బిల్లు కోసం. గాల్లో తేమ 72 శాతం. సూట్‌కేసులన్నీ ముక్కవాసన.

కంపెనీకి ఫోన్ చేస్తే చాలాసేపు సంగీతం, తర్వాత ఓ అమ్మాయి. బకెట్ నిండిందేమో చూడమంది. నిండకపోవడమే కదా తల్లీ నా బాధ!

బకెట్టంటే గుర్తొచ్చింది. మిషన్ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆ నీళ్ల మీద మా ఇంట్లో పెద్ద తగువు. అమ్మది ఒంగోలు, ట్యాంకరు దగ్గర బిందె పెట్టి నిలబడ్డ మనిషి. ఇక్కడికొచ్చినప్పుడు చూసి, "గాల్లోంచి పట్టిన నీళ్లు సింకులో పోస్తావేంరా? కరివేపాకుకి పొయ్యి" అంది. ఆ కరివేపాకు సంగతి చెప్పాలి. చలికాలం వస్తే దానికి కిటికీ పక్కన సీటు, ప్రత్యేకంగా ఓ లైటు. పిల్లలు దగ్గితే ఓ మందుబిళ్ల. అది ఆకు రాలిస్తే ఇంటిల్లిపాదీ సమావేశం. ఇంకో మొక్క తెచ్చుకుందామంటే విమానాశ్రయంలోనే లాక్కుంటారు. కరివేపాకు మీద బతికే పిసరంత పురుగొకటి నారింజ తోటలకు తెగులు మోసుకొస్తుందని వాళ్ల భయం, నిజమే కూడా. కాబట్టి ఉన్న మొక్కే దిక్కు. అలాంటిదానికి లోహపు గొట్టాల మీంచి, దుమ్ము కడుక్కుంటూ కారిన నీళ్లు పొయ్యనా? పూలమొక్కలకైతే సరే, తినేవాటికి వద్దని నేను. "బోరునీళ్లు తాగి పెరిగినవాడివి, నీకేమైందిరా?" అని అమ్మ. తీర్పు రాకుండానే అమ్మ ఒంగోలు వెళ్లిపోయింది. నీళ్లు సింకులోకే.

సరే, మళ్లీ మిషన్ దగ్గరికి. కాయిల్ మీద మంచుందో లేదో బోర్డుకి చెప్పేది ఓ సెన్సర్. ప్లగ్గు పీకి వెనక రేకు విప్పితే, కాయిల్ గొట్టానికి క్లిప్పుతో తగిలించి ఉంది. థర్మిస్టర్ అంటారు. చల్లబడితే దాని నిరోధం పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. అంతకుమించి దానికేమీ రాదు. సాధారణంగా వాడే రకమైతే 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపించాలి, ఐసునీళ్లలో ముంచితే 30 దాటాలి. మాది గదిలో, నా వేళ్ల మధ్య ఉండగానే 34 చూపించింది. పాపం, దాని మటుకు అది హిమాలయాల్లో ఉంది. బోర్డు దాని మాట నమ్మి కంప్రెసర్‌ని ఆపేస్తోంది.

మళ్లీ ఫోన్ చేశాను. సెన్సర్ విడిగా అమ్మరట. కొత్త మిషన్ కొంటే 10 శాతం తగ్గిస్తారట. ఇక్కడ మాత్రం నాకు నిజంగానే ఒళ్లు మండింది. కంప్రెసర్, ఫ్యాను, లోపలి గ్యాసు అన్నీ నిక్షేపంలా ఉంటే, డాలరు కూడా చెయ్యని తీగముక్క కోసం మిషన్ మొత్తం చెత్తలో పారెయ్యాలా? కోఠీ గుజరాతీ గల్లీలో అయితే పాతది కౌంటరు మీద పెట్టి "ఇట్లాంటిదే" అంటే సరిపోయేది.

సూట్‌కేసులు పాడైతే పోనీలే అనుకోవచ్చు. వాటి వెనక రేకుపెట్టెలో నాన్న రాసిన ఇన్‌లాండ్ లెటర్లున్నాయి. నీలం కాగితం, నీలం ఇంకు, మడతల దగ్గర అప్పుడే అలుక్కుపోతోంది. ఫోన్లు చౌకయ్యాక ఆయన రాయడం మానేశారు, నేనూ రాయమనలేదు. ఇన్నేళ్లుగా వాటిని పొడిగా ఉంచడమే గాని, విప్పి చదివింది లేదు.

థర్మిస్టర్ ఆన్‌లైన్‌లో దొరికింది, పది కలిపి ఒక ప్యాకెట్టు. ఒకటి బిగించి ప్లగ్గు పెడితే కంప్రెసర్ కాసేపు బెట్టు చేసి లేచింది. ఇంకా తొమ్మిదున్నాయి. మీ మిషన్ కూడా నడివేసవిలో మంచు మంచు అని కలవరిస్తుంటే రాయండి, స్టాంపు ఖర్చు నాదే. ప్లగ్గు పీకి, మల్టీమీటరుతో కొలిచాకే అడగండి.