కన్ఫ్యూషియస్‌ను తప్ప అందరినీ పిలవండి

అమెరికా కాలేజీల్లో కన్ఫ్యూషియస్ మీద అతిథి ప్రసంగానికి ఎవరో వ్రతకల్పం రాసిపెట్టినట్టుంటుంది. మొదటి స్లైడు మీద చేతులు కట్టుకున్న గడ్డం పెద్దాయన. రెండో స్లైడు మీద చైనా గోడ. ఆయనకీ గోడకీ ఏ చుట్టరికమూ లేదు గానీ, గోడ కనబడకపోతే అది చైనా అని జనం నమ్మరు. మూడో స్లైడు నుంచి అసలు కథ: రాజు మాట ప్రజ వినాలి, తండ్రి మాట కొడుకు, భర్త మాట భార్య, అన్న మాట తమ్ముడు. విన్నారా, లోకమంతా సామరస్యం! పాతిక శతాబ్దాల జ్ఞానం ముప్పావుగంటలో పూర్తి. ప్రశ్నలకు టైం చాలదు, డంప్లింగ్స్‌కు మాత్రం చాలుతుంది. ఎమ్మెస్ చదువుతూ నెలాఖరు గండం గట్టెక్కాల్సిన మన తెలుగు పిల్లలు ఆఖరి వరుసలో కనిపిస్తే కారణం అదే. వాళ్లను తప్పు పట్టను.

ఈ సామరస్యం పెద్దమనిషి నోరు అంత మెత్తనిదా అంటే, కాదు. పగటిపూట నిద్రపోయిన శిష్యుణ్ణి కుళ్లిన చెక్కతో పోల్చాడు. రన్ చ్యూ అనే మరో శిష్యుడు అప్పటికే డబ్బు మూలుగుతున్న దొరకు ఇంకా పన్నులు పిండిపెడుతుంటే, వాడు నావాడు కాడు, డప్పు కొట్టి మరీ వాడి మీద పడండని మిగతావాళ్లను ఉసిగొల్పాడు. రాజును కొలవడం ఎలాగని ఇంకొకడు అడిగితే, మోసం చేయొద్దన్నాడు, అవసరమైతే ముఖానే ఎదిరించమన్నాడు. ఇవన్నీ ఆయన మాటల సంకలనం ‘అనలెక్ట్స్’లోనే ఉన్నాయి. స్లైడుల్లోనే లేవు.

అసలాయనే ఒక అతిథి వక్త. సొంత రాజ్యం లూలో పొసగక ఏళ్ల తరబడి రాజ్యం తర్వాత రాజ్యం తిరిగాడు. వెయ్ రాజ్యపు దొర లింగ్ పిలిచి సేనల మోహరింపు గురించి చెప్పమంటే, ఆ విద్య నేర్చుకోలేదని మర్నాడే ఊరు వదిలాడు. దారిలో తిండికి మాడాడు. ఆతిథ్యం ఇచ్చినవాడి మొహం చూసి మాట్లాడే విద్య కూడా ఆయన నేర్చుకోలేదన్నమాట. ఆ లోటును వక్తలు ఇప్పుడు ఆయన పేరు మీదే తీరుస్తున్నారు.

ఎవరికి ఏ జవాబు కావాలో ఆయనచేత అదే చెప్పించడం కొత్తేమీ కాదు. చైనాలో పెట్టుబడిదారీ విధానం ఎదగకపోవడానికి కన్ఫ్యూషియన్ ధోరణి ఒక కారణమని మాక్స్ వెబర్ గత శతాబ్దం మొదట్లో రాశాడు. 1980లకల్లా కొరియా, తైవాన్, సింగపూర్ ఎదిగేసరికి, అదంతా కన్ఫ్యూషియస్ చలవేనన్నారు. 1997లో ఆసియా కరెన్సీలు కుప్పకూలగానే బంధుప్రీతి, దొరభక్తి ఆయన తెచ్చిన రోగాలేనన్నారు. చెడినా ఆయనే, బాగుపడ్డా ఆయనే. క్రీ.పూ. 479లో పోయాడు గనక పరువునష్టం దావా వేయలేడు.

సింగపూర్ సర్కారైతే 1982లో ఏకంగా ఎనిమిది మంది కన్ఫ్యూషియన్ పండితుల్ని విదేశాల నుంచి రప్పించింది. హార్వర్డ్ నుంచి టూ వెయ్‌మింగ్ వచ్చాడు. జనాభాలో మూడొంతులు చైనా సంతతే ఉన్న ఊరికి చైనా నీతిని అమెరికా నుంచి విమానంలో దింపారు. స్కూళ్లలో కన్ఫ్యూషియన్ నీతి పాఠం పెట్టారు. తీరా పిల్లలు ఎక్కువమంది బౌద్ధం పాఠం ఎంచుకున్నారు. 1989లో చాప చుట్టేయాలని సర్కారే నిర్ణయించింది. ఇన్ని ఉపన్యాసాలు విని కూడా చెప్పినమాట వినలేదంటే, ఆ పిల్లలకు కన్ఫ్యూషియస్ కాస్తో కూస్తో ఒంటబట్టినట్టే.

బీజింగ్ సంగతి ఇంకో రకం. 1966 నవంబరులో మావో రెడ్ గార్డులు ఆయన సొంతూరు చూఫూ వెళ్లి గుళ్లో విగ్రహం పగలగొట్టి, వంశంవాళ్ల సమాధులు తవ్విపోశారు. నలభై ఏళ్లు తిరక్కముందే, 2004లో, అదే ప్రభుత్వం అదే మనిషి పేరుతో సియోల్‌లో మొదటి కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్ తెరిచింది. తర్వాత అమెరికా కాలేజీల్లో పదుల సంఖ్యలో వెలిశాయి. భాష నేర్పారు, బ్రష్షుతో అక్షరాలు దిద్దించారు. మంచిదే. టిబెట్, తైవాన్, 1989 తియానన్మెన్ మాటెత్తితే మాత్రం గది సామరస్యం చెడిపోయేది. మన ప్రసంగాల్లో ఆ పదం ఎందుకంత మోగుతుందో ఇప్పుడు తెలిసింది కదా! ఇంటి దగ్గర మాత్రం ఆయనకు స్థిరవాసం దొరకలేదు. 2011 జనవరిలో తియానన్మెన్ పక్కన మ్యూజియం ముందు నిలబెట్టిన తొమ్మిదిన్నర మీటర్ల కంచు కన్ఫ్యూషియస్, ఏప్రిల్‌లో రాత్రికి రాత్రే అక్కణ్ణుంచి మాయమయ్యాడు.

ఒక్క బీజింగ్‌ను అని లాభం లేదు. చికాగో యూనివర్సిటీలో వందమందికి పైగా ప్రొఫెసర్లు సంతకాలు పెట్టాక, 2014లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఒప్పందం ఆగింది. మిగతా చాలా కాలేజీలకు విద్యాస్వేచ్ఛ గుర్తొచ్చింది మాత్రం 2018లో చట్టం వచ్చాకే. ఇన్‌స్టిట్యూట్ ఉన్నచోట చైనీస్ భాషా బోధనకు పెంటగాన్ సొమ్ము ఇవ్వబోమని ఆ చట్టం చెప్పింది. అంతరాత్మకు కూడా గ్రాంటు కావాలి పాపం.

ఇబ్బంది పెట్టే మాటను తీసేయించడంలో పాత మర్యాద ఒకటుంది. కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన మెన్షియస్, రాజుకన్నా ప్రజలే ముఖ్యమన్నాడు; మంత్రుల్ని మట్టిలా చూసే రాజును ఆ మంత్రులు శత్రువులాగే చూస్తారన్నాడు. మింగ్ వంశాన్ని స్థాపించిన హోంగ్‌వూ చక్రవర్తికి అది మింగుడు పడలేదు. 1394లో ఆ పుస్తకం నుంచి 85 భాగాలు తీసేయించి, మిగిలింది చదువుకోమన్నాడు. సరిగ్గా 620 ఏళ్లకు, పోర్చుగల్‌లోని బ్రాగాలో చైనా అధ్యయనాల పండితులు సభ పెట్టుకుంటే, ఇన్‌స్టిట్యూట్ల పెద్ద షూ లిన్ కార్యక్రమ పుస్తకంలో తైవాన్ సంస్థ పేరున్న పేజీలు చింపించింది. హోంగ్‌వూ కనీసం పుస్తకం చదివి చింపించాడు.

కాబట్టి ఈసారి అతిథిని పిలిచే కాలేజీకి నాదొక విన్నపం. చక్రవర్తి తీసేయించిన ఆ 85 భాగాల మీదే మాట్లాడమనండి. రానుపోను టికెట్లు ఎవరు కొనిపెడతారో చూద్దాం.