గోడ తట్టి చూసే బ్యాచ్

ఫిల్మ్ నగర్‌లో ఏళ్ల తరబడి సెట్లు వేసినవాళ్లకి ఒక జబ్బు అంటుకుంటుంది. ఏ పాత కట్టడం కనబడినా దాని చరిత్ర అడగరు, వేలి కణుపుతో గోడ మీద టకటకా కొడతారు. డొల్లగా మోగితే ప్లైవుడ్, మోగకపోతే నమస్కారం. వాళ్లని అని లాభం లేదు. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ కోసం కళా దర్శకుడు అశోక్ వేసిన చార్మినార్‌ని చూసినవాళ్లకి, అసలు చార్మినార్ కింద నిలబడ్డా చేయి ఊరుకోదు.

అలాంటి బ్యాచ్ ఒకటి షూటింగ్ పని మీద ఢిల్లీ వెళ్లింది. ఒక పూట ఖాళీ దొరికితే ఇండియా గేట్ దగ్గరున్న జైపూర్ హౌస్‌లో తేలింది. సెట్ మేస్త్రి, ప్రొడక్షన్ మేనేజరు, కొత్తగా చేరిన ఆర్ట్ అసిస్టెంటు. ముగ్గురిలో బొమ్మలు చూద్దామన్నది అసిస్టెంటు ఒక్కడే. మేనేజరుకి కావలసింది నీడ.

జైపూర్ మహారాజు ఢిల్లీ నివాసంగా 1936లో లేచిన భవనం అది. గీసిచ్చింది బ్లోంఫీల్డ్. నడుమ గుమ్మటం, అటూ ఇటూ సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకున్న భాగాలు. మేస్త్రి గోడ దగ్గరికి నడిచి కణుపు ఎత్తాడో లేదో, “హాథ్ మత్ లగావో!” అని గార్డు కేక. ఎత్తిన చేయి మధ్యదారిలోనే సెల్యూట్‌గా మారిపోయింది.

“ఒరిజినల్ రాయేరా. పెయింటు కాదు,” అన్నాడు అసిస్టెంటుతో, తట్టకుండానే.

1954 మార్చి 29న దీన్ని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలగా ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ అని అసిస్టెంటు చెప్పాడు. “అయితే మనవాళ్ల ఓపెనింగే!” అని మేనేజరు అప్పటికప్పుడు భవనంలో సగం వాటా రాయించుకున్నాడు.

లోపల అమృతా షేర్‌గిల్ 1935లో వేసిన ‘ముగ్గురు అమ్మాయిలు’ ముందు మేనేజరు ఆగాడు. “హీరోయిన్లు ముగ్గురూ ఒకే ఫ్రేములో ఉన్నారు, ఒక్కరి మొహంలో నవ్వు లేదు. ఎవరి కాల్షీటు ఎగ్గొట్టారో!” మేస్త్రి చూపు మాత్రం అమ్మాయిల వెనక ఉంది. “ఆ గోడ ఖాళీగా వదిలేసింది చూశావా? మన డైరెక్టరైతే అక్కడ పూలకుండీ, దాని పక్కన వీణ, పైన గడియారం పెట్టించేవాడు.” ఆమె 28 ఏళ్లకే, 1941లో పోయిందని తెలిశాక మేనేజరు జోకులు కట్టిపెట్టాడు, పక్క గదిదాకా.

ఆ పక్క గదిలో నందలాల్ బోస్ హరిపురా చిత్రాలు. డోలు వాయించేవాడు, వీణ పట్టిన స్త్రీ, మల్లయోధులు: చేత్తో తయారుచేసిన కాగితం మీద నాలుగు జోరైన గీతల్లో తేల్చేసిన ఊరి జనం. 1938లో గుజరాత్‌లోని హరిపురాలో, సుభాష్ చంద్రబోస్ అధ్యక్షతన జరిగిన కాంగ్రెస్ మహాసభ పందిళ్లని అలంకరించమని గాంధీజీ అడిగితే పుట్టినవి. అసిస్టెంటు ఇంత చెప్పేసరికి మేస్త్రి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మొదటి బొమ్మ దగ్గరికి వెళ్లాడు.

“అంటే ఇది సెట్ వర్కే కదరా! తేదీ ముంచుకొస్తుంటే, ఊళ్లో దొరికే సరుకుతో, సభ అయ్యాక విప్పేసే పందిరికి వేసినవి. చేయి చూడు, ఎంత స్పీడో. గీసిన గీత మళ్లీ దిద్దలేదు.”

“మన తోట వైకుంఠం గారూ అంతే కదా బాబాయ్,” అన్నాడు అసిస్టెంటు. తెలంగాణ ఆడవాళ్లని కాన్వాసు మీద నిలబెట్టిన ఆ చిత్రకారుడికి, బి. నరసింగరావు తీసిన ‘దాసి’కి కళా దర్శకత్వం చేసినందుకు 1988 సంవత్సరపు జాతీయ అవార్డు వచ్చింది. మేనేజరుకి ఆయన బొమ్మల రేటు తెలుసు, సినిమా సంగతి తెలియదు. ఫిల్మ్ నగర్‌లో ఇది వింతేమీ కాదు.

2009లో తెరిచిన కొత్త విభాగం వైపు నడుస్తుంటే మేనేజరు ఏదో లెక్కలో పడ్డాడు. ఇక్కడున్న కళాఖండాలు 17 వేలకు పైమాటేనట. వాటికి గోడౌను, ఏసీ, కాపలా! ప్యాకప్ చెప్పిన మర్నాడే సెట్టు విప్పించి, చెక్క వేరుగా ఇనుము వేరుగా కాటా వేయించి అమ్మేసే మనిషి ఆయన.

“అది సరే బాబాయ్, సభ అయిపోయాక ఆ పందిరి బొమ్మలు పారెయ్యకుండా దాచిపెట్టిందెవరంటావ్?”

“ఎవరో గానీ, మేనేజరు మాత్రం అయ్యుండడు సార్,” అన్నాడు మేస్త్రి.