ఎర్త్ గుంతలో నా సైన్సు

కడుపులో దాచుకుంటానంటే మీకొక సంగతి చెబుతాను. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. చదివానంటే, పాసయ్యాను. పాసయ్యానంటే, ఆ ఏడు పేపరు దిద్దినాయన దయగలవాడు. ఆ పునాది మీదే హైస్కూల్లో ఏళ్ళ తరబడి ఓమ్ నియమం చెప్పీ చెప్పీ, ఓమ్ గారు పోతూ పోతూ ఆ శాఖను నా చేతిలో పెట్టి వెళ్ళారన్న నమ్మకం కుదిరింది నాకు. రిటైరయ్యాక అది ముదిరింది. నిడమనూరులో హోటల్ బెంచీ మీద కూర్చుని టీ చల్లారేదాకా ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. కుర్రాళ్ళు ‘సైంటిస్ట్ సార్’ అనేవాళ్ళు. అందులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో నేనెప్పుడూ ఆరా తీయలేదు. ఆరా తీస్తే ఏం తేలుతుందో నాకు తెలుసు.

నా జబ్బేమిటంటే, ఏ వస్తువు కనబడినా ‘ఇందులో ఏం కలిపితే కరెంటు ఇంకా బాగా పారుతుంది’ అన్న ఆలోచన. నవ్వకండి. రిమోట్ పనిచేయకపోతే సెల్లు తీసి పంటితో నొక్కింది మీరు కాదూ? మిద్దె మీద వడియాల పక్కన పెన్సిల్ సెల్లులు ఎండబెట్టని ఇల్లు మన రెండు రాష్ట్రాల్లో ఉంటే చూపించండి, వచ్చి దండం పెడతాను. మీరు సెల్లు దగ్గర ఆగారు. నేను ఆగలేదు. అంతే తేడా.

ముందు నన్ను చెడగొట్టింది నోబెల్ బహుమతి. 2010లో గైమ్, నోవోసెలోవ్ అనే ఇద్దరు మాంచెస్టర్ శాస్త్రవేత్తలకు ఫిజిక్స్‌లో ఇచ్చారు. వాళ్ళు చేసిందేమిటయ్యా అంటే, గ్రాఫైట్ మీద సెల్లోటేపు అంటించి పీకారు. మళ్ళీ అంటించి మళ్ళీ పీకారు. ఒక్క పరమాణువు మందం పొర మిగిలేదాకా పీకారు. అదే గ్రాఫీన్. ఎలక్ట్రాన్లు దాంట్లో అడ్డూ అదుపూ లేకుండా పరుగెడతాయట. ఇది చదివిన పూట నాకు అన్నం సహించలేదు. గ్రాఫైట్ అంటే పెన్సిల్ ములుకే కదా! సెల్లోటేపు కిరాణా కొట్లో దొరుకుతుంది! ఇంత చిన్న పనికి మాంచెస్టర్ దాకా ఎందుకు పోవాలి, నిడమనూరులో చెయ్యకూడదా?

దానికి తోడు షిరకావా కథ. 1967లో టోక్యోలో ఆయన ప్రయోగశాలలో పాలీఎసిటిలీన్ చేస్తూ, పొరపాటున ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు ఎక్కువ వేశారు. నల్లటి పొడి రావలసిన చోట వెండిలా మెరిసే పొర వచ్చింది. తర్వాత ఆయన అమెరికా వెళ్ళి మెక్‌డయార్మిడ్, హీగర్‌లతో కలిసి 1977లో ఆ పొరకు అయోడిన్ ఆవిరి పట్టిస్తే, కరెంటు పారే గుణం కోటి రెట్లు పెరిగింది. ప్లాస్టిక్కు లోహంలా ప్రవర్తించింది. 2000లో ముగ్గురికీ కెమిస్ట్రీ నోబెల్. పొరపాటుకూ నోబెల్‌కూ మధ్య ఆయన పడ్డ పదేళ్ళ చాకిరీ నా కంటికి ఆనలేదు. నాకు అర్థమైందల్లా, పొరపాటు చేస్తే నోబెల్ వస్తుందని. ఆ లెక్కన నాకు ఏటా ఒకటి బాకీ ఉన్నారు.

మనవడి పెన్సిళ్ళన్నీ చీల్చి ములుకులు నూరాను. వాడు ఏడుస్తూ బడికి పోయాడు. ఆ పొడిని కొబ్బరినూనెలో కలిపి, మా పొలం మోటారుకు వచ్చే అల్యూమినియం వైరు జాయింటుకు పట్టించాను. గ్రాఫైట్ కరెంటును మోస్తుంది, కాబట్టి జాయింటు ఇంకా బాగా మోస్తుంది. తర్కంలో తప్పుందా? మీరు కూడా లేదనే అంటారు. అందుకే మీరంటే నాకు ఇష్టం. వానలు పడ్డాక ఒక రాత్రి ఆ జాయింటు దగ్గర చిటపటలు, నీలం మెరుపులు. పొద్దున చూస్తే వైరు చుట్టూ తెల్లటి పొడి. వైరు సగం తినేసి ఉంది.

మా మోటార్ల మేస్త్రీ వచ్చి కత్తితో గీకి, ఉప్పు కాయితంతో రుద్ది, రాగీ అల్యూమినియం కలిసిన లగ్గు వేసి బిగించి పోయాడు. మాట్లాడలేదు. ఈ మేస్త్రీ నా పాత శిష్యుడే. పదో తరగతిలో వాడిని సైన్సులో తప్పించింది కూడా నేనే. ఈ ముక్క ఇక్కడ ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

అసలు సంగతి ఏమిటంటే, అల్యూమినియం గాలి తగిలిన క్షణంలోనే ఒంటి మీద ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. ఆ పొరలోంచి కరెంటు పారదు. జాయింటు వేడెక్కేది అందుకే. దాన్ని గీకి గట్టిగా బిగించడమే మందు. పైన గ్రాఫైట్ పూసి తడి తగలనిస్తే, రెండూ కలిసి చిన్న బ్యాటరీ అవుతాయి. ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియం. విమానాలు కట్టేవాళ్ళు ఈ రెండిటినీ ఒకదానికొకటి తగలనివ్వరు. నేను కొబ్బరినూనె పెట్టి మరీ అంటగట్టాను. పైగా పెన్సిల్ ములుకు అచ్చమైన గ్రాఫైట్ కాదు, అందులో బంకమన్ను కలుస్తుంది. మా మనవడి పెన్సిళ్ళ మీద హెచ్‌బీ అని రాసి ఉండేది. అది నేను కంపెనీ పేరనుకున్నాను.

ఇంతటితో మామూలు మనిషైతే బుద్ధి తెచ్చుకుంటాడు. నేను మామూలు మనిషిని కాదని ఇప్పటికే మనవి చేశాను.

మిర్యాలగూడ రైస్ మిల్లుల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. సాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్లన్నీ చేరేది అక్కడికే. వడ్ల బరువులో అయిదో వంతు ఊకే. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఆ ఊకనే బాయిలర్ కింద మండిస్తారు. మిగిలేది బూడిద, గుట్టలు గుట్టలు. తీసుకుపోతే పుణ్యం కట్టుకున్నట్టే. సరిగ్గా ఆ రోజుల్లోనే నేనొక వ్యాసం సగం చదివాను. 2013లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు వరి ఊకలోంచి నానో సిలికాన్ తీసి లిథియం బ్యాటరీలో పెట్టారని అందులో ఉంది. నా బుర్రలో రైలు పెట్టెలు వాటంతట అవే తగులుకున్నాయి. ఊకలో సిలికాన్ ఉంది. సిలికాన్ అంటే కంప్యూటర్. ఊక కాలితే బొగ్గు. బొగ్గు అంటే కార్బన్. కార్బన్ అంటే గ్రాఫీన్‌కు చిన్నాన్న. కాబట్టి ఊక బూడిద కన్నా కరెంటును బాగా లాక్కునే పదార్థం భూప్రపంచం మీద లేదు. మిగతా సగం వ్యాసం మధ్యాహ్నం నిద్ర లేచాక చదవొచ్చనుకున్నాను.

మా మోటారు దగ్గర ఎర్త్ గుంత ఉంది. అందరి దగ్గరా ఉండేదే. ఇనప పైపు దించి, చుట్టూ ఒక వరస బొగ్గులు, ఒక వరస దొడ్డుప్పు పోసి, పైన మట్టి కప్పి, ఎండాకాలం రెండు బిందెల నీళ్ళు పోస్తుంటారు. ఉప్పు నీళ్ళలో కరిగి కరెంటుకు దారి ఇస్తుంది, బొగ్గు ఆ తడిని పట్టి ఉంచుతుంది. మట్టి అనే మొండి పదార్థాన్ని మన పెద్దవాళ్ళు ఏ నానో పేరూ పెట్టకుండా మార్చుకున్న తీరు అది. నా కంటికి మాత్రం మోటుగా కనిపించింది. ఉప్పు కొన్నాళ్ళకు పైపును తినేస్తుంది కదా, అదీ నా వాదన. ఆ ఒక్కటి మాత్రం నిజం. దయచేసి నా ఖాతాలో రాసుకోండి, మిగతా ఖాతా అంతా ఖాళీ.

గుంత తవ్వించాను. బొగ్గూ ఉప్పూ తీసి పారేయించాను. తెల్లగా, మెత్తగా, పౌడరులా ఉన్న ఊక బూడిద బస్తాలకు బస్తాలు దింపి గుంత నిండా కూరించాను. నీళ్ళు పోయనివ్వలేదు. నానోకు తడి పనికిరాదని నా సొంత సిద్ధాంతం.

మేస్త్రీ సైకిల్ ఆపి తొంగి చూశాడు. “పాతది మంచిగనే ఉండె గద సారూ, ఎందుకు కదిలిచ్చిండ్రు? బొగ్గులేవి?”

“ఇది బొగ్గు కన్నా గొప్పది. నీకు చెప్పినా అర్థం కాదు.”

“అవు సారూ, అప్పుడు కూడా గట్లనే అంటుంటిరి,” అని సైకిలెక్కాడు.

ఇక్కడి నుంచి కాస్త గబగబా చెప్పి తప్పించుకుంటాను, అడ్డు రాకండి. మా బావమరిది నల్గొండ నుంచి వచ్చాడు, వాడికి నా కొత్త ఎర్త్ చూపించకపోతే నాకు నిద్ర పట్టదు, పొలానికి తీసుకుపోయాను, దారిలో హోటల్ బెంచీ బ్యాచీ కూడా వెంట పడింది, మడిలో నీళ్ళున్నాయి, చెప్పులు గట్టు మీద విడిచాను, పంచె ఎగ్గట్టాను, మోటారు వైండింగ్ లోపల ఎప్పుడో చెడిపోయి డబ్బాకు కరెంటు వస్తోందని నాకేం తెలుసు, మంచి ఎర్త్ ఉంటే ఆ కరెంటు భూమిలోకి దిగేది, ఫ్యూజు ఎగిరిపోయేది, నేను మాత్రం స్టార్టర్ ముందు నిలబడి ‘మన ఎర్త్ ఎంత గట్టిదంటే ఈ డబ్బాను కౌగిలించుకోవచ్చు’ అని చెయ్యి చాపాను, చాపానా, అంతే, భుజం దాకా ఎవరో గుంజి వదిలినట్టయింది, కళ్ళద్దాలు ఒకవైపు, నేను ఒకవైపు, పంచె మూడోవైపు, నారుమడిలో వెల్లకిలా పడి ఆకాశం చూస్తున్నాను. బావమరిది “బావా!” అని అరిచాడు. బెంచీ బ్యాచీలో ఒకడు ముందు నవ్వి, తర్వాత భయపడ్డాడు. ఆ వరస నేను మర్చిపోలేదు.

ప్రాణం పోలేదు, పరువు సంగతి అడక్కండి. మీరు మాత్రం ఇలాంటివి చెయ్యొద్దు. తడి కాళ్ళతో స్టార్టర్ ముట్టుకుని లేవనివాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి, అవి నవ్వు కథలు కావు.

మేస్త్రీ వచ్చాడు. సంచిలోంచి ఒక హోల్డరు, ఒక బల్బు, రెండు వైరు ముక్కలు తీశాడు. ఒక కొస ఫేజుకు, రెండో కొస నా ఎర్త్ తీగకు తగిలించాడు. ఎర్త్ బాగుంటే బల్బు భగ్గున వెలగాలి. లోపల తీగ ఎర్రబడిందో లేదో తేల్చుకోవడానికి అందరం చేతులు అడ్డుపెట్టుకుని వంగి చూడాల్సి వచ్చింది.

“ఏం పోసిండ్రు సారూ ఇండ్ల?”

“ఊక బూడిద.”

“గిన్నెలు తోముకునే బూడిదా?”

దీనికి ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు జవాబు దొరకలేదు.

మంచం మీద పడుకుని మిగతా సగం వ్యాసం అప్పుడు చదివాను. గాలిలో మండిన ఊక బూడిదలో నూటికి ఎనభై అయిదుకు పైగా సిలికా ఉంటుంది. అంటే ఇసక. అంటే గాజు. ఉక్కు ఫ్యాక్టరీల్లో కరిగిన ఉక్కు మీద వేడి పోకుండా ఈ బూడిదే చల్లుతారు. వేడికి అడ్డం, కరెంటుకూ అడ్డం. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఆ సిలికాను మెగ్నీషియంతో కాల్చి ఆక్సిజన్ ఊడబెరికితేగానీ సిలికాన్ రాలేదు. కార్బనే కావాలనుకుంటే ఊకను గాలి తగలకుండా కాల్చి, అందులోని సిలికాను కాస్టిక్ సోడాలో కడిగి పారేయాలి. అంటే నేను నా ఎర్త్ పైపును భూమికి తగలకుండా గాజు పొడిలో శ్రద్ధగా ప్యాక్ చేశానన్నమాట.

దీనికన్నా కష్టం వేసింది ఇంకో సంగతికి. ఎంత కలపాలో కూడా నాకు తెలీదు. అచ్చమైన సిలికాన్‌లో కరెంటు దాదాపు పారదు. అందులో కోటి పరమాణువులకు ఒక్కటి ఫాస్ఫరస్ వేస్తే లక్షల రెట్లు ఎక్కువ పారుతుంది. కుండెడు పాలకు మా ఆవిడ వేసే తోడు కూడా అంతకంటే ఎక్కువే. సరే, ఫాస్ఫరస్ గొప్పదా అంటే, అదే ఫాస్ఫరస్‌ను రాగిలో వెయ్యికి అరపాలు కూడా కలపకముందే కరెంటు మోసే బలం పదిహేను ఇరవై శాతం పడిపోతుంది. సిలికాన్‌కు ఎలక్ట్రాన్లు కావాలి, ఫాస్ఫరస్ ఇచ్చింది. రాగిలో ఎలక్ట్రాన్లకు కొదవ లేదు, అక్కడ ఫాస్ఫరస్ పోయి దారికి అడ్డం కూర్చుంది. నేనైతే రెండిట్లోనూ బస్తా దింపేవాణ్ణి.

అప్పుడు కూడా ఓదార్పు వెతుక్కున్నాను, దొరికింది. 2023 జులైలో కొరియా శాస్త్రవేత్తలు సీసం, రాగి, ఫాస్ఫరస్‌లతో ఒక రాయి లాంటి పదార్థం చేసి, మామూలు వేడిలోనే ఏ నిరోధమూ లేకుండా కరెంటు పారుతుందన్నారు. పేరు ఎల్‌కే-99. ప్రపంచమంతా పొయ్యిలు వెలిగించింది. ఢిల్లీలో మన నేషనల్ ఫిజికల్ లాబరేటరీ వాళ్ళూ చేసి చూశారు, అలాంటిదేమీ లేదన్నారు. కొన్ని వారాల్లో తేలిందేమిటంటే, నిరోధం పడిపోయినట్టు చూపించింది అందులో మలినంగా మిగిలిపోయిన కాపర్ సల్ఫైడ్. ఆ వార్తను బావమరిదికి పంపించాను. వాడు తిరిగి నారుమడి ఫోటో పంపించాడు. ఎప్పుడు తీశాడో!

గుంత మళ్ళీ తవ్వారు. బొగ్గులూ ఉప్పూ పోశారు. పైపు మార్చుదామా, బెంటొనైట్ మట్టి వేద్దామా, అది కూడా తడిని పట్టి ఉంచుతుందట కదా అని మేస్త్రీని వినయంగా అడిగాను. “అది మంచిదే సారూ, పట్నంల వాడ్తరు,” అన్నాడు. పదిలో నేను వేసిన మార్కుల గురించి వాడు ఈ రోజు వరకు ఎత్తలేదు. ఎత్తితే బాగుండుననిపిస్తుంది. ఎండాకాలం బిందెలు మోసి ఆ గుంతలో నీళ్ళు పోసే డ్యూటీ మాత్రం మా ఇంట్లో ఏకగ్రీవంగా నాకే పడింది.

ఇప్పుడు నేను పూర్తిగా మారిపోయాను. మొన్న ఒకటి చదివాను, ఈసారి చివరిదాకా. ఎలక్ట్రిక్ స్కూటర్లలో, సోలార్ బ్యాటరీల్లో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పొడి తనంతట తాను కరెంటును సరిగా మోయలేదట. అందుకని దాని రేణువులకు పల్చటి కార్బన్ పూత పూస్తారు. మన హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ వాళ్ళే అలా పూత పూసిన పొడి తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. ఆ కార్బన్ పూత కోసం కొన్ని ప్రయోగశాలల్లో కలిపేది ఏమిటనుకున్నారు? చక్కెర! గాలి తగలకుండా వేడి చేస్తే అదే కార్బన్ అవుతుంది. గాలి తగలకుండా అన్న ముక్క కూడా గుర్తుపెట్టుకున్నాను, చూడండి. మూత బిగించిన ప్రెషర్ కుక్కర్‌లో గాలి ఎక్కడ నుంచి వస్తుంది?

ఈ మాట పైకే అన్నట్టున్నాను. చక్కెర డబ్బా బీరువాలోకి ఎక్కింది. తాళంచెవి మా ఆవిడ కొంగున ఉంది. నాకు షుగర్ ఉందనీ, డాక్టర్ చెప్పాడనీ ఇంటికొచ్చిన వాళ్ళతో అంటోంది. మీరొచ్చినప్పుడు నిజమేననుకుని టీ చప్పగా తాగేయండి.