210వ ర్యాంకు రాజసం

శాన్ మారినోకు దేశాధినేతలు ఇద్దరు. ఏప్రిల్ ఒకటిన ఒక జోడీ ఎక్కుతుంది, అక్టోబరు ఒకటిన ఇంకో జోడీ వచ్చి దాన్ని దింపుతుంది. ఎంత గొప్పగా పాలించినా సరే, ఆరు నెలలు దాటితే సామాను సర్దుకోవాల్సిందే. కుర్చీ రుచి మరిగితే మనిషి చెడిపోతాడని ఏ శతాబ్దంలోనో పెట్టుకున్న కట్టుబాటు అది. అదే దేశపు ఫుట్‌బాల్ జట్టుకు జాంపావోలో మజ్జా అనే పెద్దమనిషి 1998 నుంచి 2013 దాకా కోచ్‌గా ఉన్నారు. ఆ పదిహేనేళ్లలో జట్టు గెలిచింది అక్షరాలా ఒక్క మ్యాచ్. ఆయన కుర్చీ జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. గెలిచేవాడిని ఓ కంట కనిపెట్టాలి గానీ, ఓడేవాడితో దేశానికి వచ్చిన ముప్పేముంది?

ఇటలీ కడుపులో చుట్టూ ఇటలీయే ఉన్న దేశం. విస్తీర్ణం 61 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 34 వేలు. మన లెక్కలో ఓ మాదిరి మండలం. అందులోంచి పిల్లల్నీ, ముసలివాళ్లనూ, ఆడవాళ్లనూ తీసేసి, మోకాళ్ల నొప్పులవాళ్లనూ, ఆఫీసులో సెలవు దొరకనివాళ్లనూ పక్కనపెట్టి, మిగిలినవాళ్లలోంచి పదకొండు మందిని ఏరి జర్మనీ మీదికి పంపాలి. బుధవారం రాత్రి ప్రపంచ ఛాంపియన్లకు అడ్డం నిలబడినవాడు గురువారం పొద్దున్నే బ్యాంకు కౌంటర్లోనో, లెక్కల పుస్తకం ముందో కూర్చోవాలి. జట్టులో ఎక్కువమందికి బతుకుతెరువు వేరే ఉంది. ఫుట్‌బాల్ వాళ్లకు దేశసేవ.

ఆ సేవ అధికారికంగా మొదలైంది 1990 నవంబరు 14న. స్విట్జర్లాండ్ చేతిలో 0-4. అక్కణ్నుంచి వెనుదిరిగి చూసింది లేదు. 2006లో జర్మనీ సెరవాలెలోని వీళ్ల సొంత మైదానానికి వచ్చి 13 గోల్స్ కొట్టి వెళ్లింది. అతిథికి అంత మర్యాద చేసిన ఆతిథ్య దేశం యూరప్‌లో ఇంకోటి ఉండదు. 2011లో నెదర్లాండ్స్ 11 కొట్టింది. 2025లో ఆస్ట్రియా పది. రెండు వందలకు పైగా మ్యాచ్‌లు ఆడి, 2025 చివరి నాటికి గెలిచినవి మూడు. ఫిఫా ర్యాంకింగ్స్‌లో 210వ స్థానం. దాని కింద ఇంకెవరూ లేరు. పైనున్నవాళ్లంతా పదవి పోతుందేమోనని రాత్రీ పగలూ భయపడుతుంటే, ఇంకా కిందికి పడే వీలే లేని నిశ్చింత ప్రపంచం మొత్తం మీద వీళ్లొక్కళ్లదే.

ఈ పట్టికను చూసి నవ్వడం తేలిక. అందరూ చేసేదీ అదే. నేను మాత్రం చాలాకాలంగా ఈ జట్టు ఓటముల్ని వదిలేసి, ఓడని రోజుల్ని గమనిస్తున్నాను. ఎందుకంటే శాన్ మారినో ఓడితే ఎవరికీ ఏమీ కాదు. ఓడకపోతేనే కొంపలు మునుగుతాయి.

1993 నవంబరు 17, బొలోన్యా. ప్రపంచ కప్‌కు వెళ్లాలంటే ఇంగ్లండ్ ఏడు గోల్స్ తేడాతో గెలవాలి, అటు పోలండ్‌లో నెదర్లాండ్స్ ఓడాలి. మొదటి షరతు పెద్ద కష్టం కాదని, ఎదుట ఉన్నది శాన్ మారినోయేనని ఇంగ్లండ్ ధీమా. రిఫరీ విజిల్ వేశాడు. బంతి ఇంగ్లండ్ ఆటగాడు స్టువర్ట్ పియర్స్ కాళ్ల దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని గోల్‌కీపర్ డేవిడ్ సీమన్ వైపు వెనక్కి తోశాడు. తోసింది బలంగా తోయలేదు. మధ్యలో దావిదే గ్వాల్తియేరి అనే కుర్రాడు దూరి బంతిని గోల్లోకి నెట్టేశాడు. గడిచింది 8.3 సెకన్లు. టీవీ ముందు ఇంకా సరిగ్గా సర్దుకుని కూర్చోనివాళ్లు ఫుట్‌బాల్ కనిపెట్టిన దేశం శాన్ మారినో కంటే వెనకబడి ఉండటం చూసి టీవీ పాడైందేమో అనుకుని ఉంటారు. స్కోరు సమం చేయడానికి ఇంగ్లండ్‌కు ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. చివరికి 7-1తో గెలిచింది. కావలసిన తేడాకు ఒక గోల్ తక్కువ. అటు నెదర్లాండ్స్ గెలిచిందనుకోండి, కాబట్టి ఆ ఒక్క గోల్ వల్ల నిజానికి పోయిందేమీ లేదు. కానీ ఆ ఏడు గోల్స్ కొట్టిందెవరో ఇంగ్లండ్ వాళ్లనే అడిగి చూడండి, తడుముకుంటారు. 8.3 మాత్రం ఎవరూ మర్చిపోలేదు. కోచ్ గ్రాహం టేలర్ ఆ తర్వాత రాజీనామా చేశాడు. గ్వాల్తియేరి కంప్యూటర్లు అమ్ముకుంటూ హాయిగా గడిపాడు.

ఇంకోటి. 2001 ఏప్రిల్‌లో వీళ్లు రీగా వెళ్లి లాత్వియాతో 1-1తో డ్రా చేసుకున్నారు. లాత్వియా కోచ్ గ్యారీ జాన్సన్ ఉద్యోగం వదులుకున్నాడు. శాన్ మారినో చేతిలో ఓడినందుకు కాదండీ, శాన్ మారినోను ఓడించలేకపోయినందుకు! ఇటువైపు మజ్జా గారి కుర్చీ యథాతథం. ఒకే మైదానంలో ఒకే ఫలితానికి ఒకడి కొలువు ఊడింది, ఇంకొకడి ఫొటో పేపర్లో పడింది. 2014లో ఎస్టోనియా కూడా ఇలాగే 0-0తో తల పట్టుకుంది. అప్పటికి వరసగా 61 మ్యాచ్‌లు ఓడిన జట్టు చేతిలో రెండు పాయింట్లు పోగొట్టుకుని ఇంటికి వెళ్లి పెళ్లాం పిల్లలకు ఏం చెప్పుకున్నారో.

అందుకే పెద్ద జట్లకు వీళ్లతో ఆడాలంటే ఒళ్లు మంట. గెలిస్తే వచ్చే పేరు లేదు, గోల్స్ తగ్గితే పోయే పరువు ఉంది. 2016 నవంబరులో జర్మనీ 8-0తో గెలిచాక వాళ్ల ఆటగాడు థామస్ ముల్లర్ విసుక్కున్నాడు. ఇలాంటి మ్యాచ్‌లకూ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కూ సంబంధమే లేదన్నాడు. శాన్ మారినో ఫుట్‌బాల్ సంఘం మీడియా అధికారి దానికో బహిరంగ లేఖ రాశాడు, ఈ మ్యాచ్ వల్ల కలిగిన పది ప్రయోజనాలు వరస పెట్టి. వాటిలో ఒకటి చాలు: మా అంతటి అధ్వానపు జట్టు మీద కూడా నువ్వు గోల్ కొట్టలేవని రుజువైంది కదా నాయనా అని. నిజమే. ఆ ఎనిమిదింట్లో ముల్లర్‌ది ఒక్కటీ లేదు. 0-8 స్కోరు నెత్తిన పెట్టుకుని ఇంత దర్జాగా బదులిచ్చే గుండె మన దగ్గర డిపాజిట్ గల్లంతైన అభ్యర్థులకు కూడా ఉండదు. వాళ్లు కనీసం ఓటింగ్ యంత్రం మీద నెపం పెడతారు.

యూరప్ ఫుట్‌బాల్ సంఘం వాళ్లకు 2018లో జాలేసింది. నేషన్స్ లీగ్ పెట్టి, సమఉజ్జీలతోనే ఆడుకోండి అని చిన్నవాళ్లందర్నీ అట్టడుగు అంచెలో వేసింది. మొదటిసారి శాన్ మారినో ఆరు మ్యాచ్‌లూ ఓడింది, ఒక్క గోల్ కూడా కొట్టలేదు. సమఉజ్జీలు అనే మాటకే పరువు నష్టం.

ఇక గెలుపుల సంగతి. మూడే గనక తీరిగ్గానే చెప్పుకోవచ్చు. మొదటిది 2004 ఏప్రిల్ 28న, లీక్టెన్‌స్టెయిన్ మీద, ఐదో నిమిషంలో ఆండీ సెల్వా గోల్‌తో 1-0. అది టోర్నమెంటు కాదు, ఉత్త స్నేహపూర్వక మ్యాచ్. అయితేనేం, గెలుపు గెలుపే. ఈ లీక్టెన్‌స్టెయిన్‌ను మరీ తీసిపారేయకండి. అదే ఏడాది అక్టోబరులో ఇది యూరో రన్నరప్ పోర్చుగల్‌ను 2-2తో నిలువరించింది. ఆ లెక్కన పోర్చుగల్ కంటే శాన్ మారినో గొప్ప జట్టని కాగితం మీద నిరూపించవచ్చు. ఎన్నికల విశ్లేషకులు ఇంతకంటే బలహీనమైన లెక్కలతో రెండు దశాబ్దాలుగా టీవీల్లో బతికేస్తున్నారు.

ఆ తర్వాత 140 మ్యాచ్‌లు. ఒక్క గెలుపు లేదు. మజ్జా వెళ్లిపోయారు, వేరే కోచ్‌లు వచ్చారు. సెల్వా మొత్తం ఎనిమిది గోల్స్‌తో దేశ చరిత్రలోనే అత్యధిక గోల్స్ వీరుడిగా రిటైరయ్యాడు. (ఎనిమిదే. స్ట్రైకర్ ఎర్లింగ్ హాలండ్ ఒక్క నెలలో కొట్టే సరుకు.) ఈలోగా 2021 టోక్యో ఒలింపిక్స్‌లో తుపాకీ షూటింగ్‌లో రెండు, కుస్తీలో ఒకటి, మూడు పతకాలు గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన అతి చిన్న దేశంగా రికార్డు కూడా కొట్టేశారు. కాబట్టి ఆ మట్టిలో దోషం లేదు. బంతిలోనే ఉంది.

2024 సెప్టెంబరు 5, నేషన్స్ లీగ్, మళ్లీ లీక్టెన్‌స్టెయిన్. 53వ నిమిషంలో ఎదుటి డిఫెన్స్ తడబడింది. నికో సెన్సోలి దూసుకెళ్లి గోల్ కొట్టాడు. వయసు పందొమ్మిది. తన దేశం గెలిచిన ఏకైక మ్యాచ్ జరిగేనాటికి అతను పుట్టనే లేదు. తాతలు నేతులు తాగిన కథలా పెద్దవాళ్లు చెబితే వినడమే. చివరి విజిల్ వేశాక సెరవాలె మైదానంలో జరిగిన గోల చూస్తే ప్రపంచ కప్ గెలిచారనుకోవాలి. ఇరవై ఏళ్లు పస్తున్నవాడి విందు అలాగే ఉంటుంది.

రెండు నెలలు తిరిగేసరికి అదే లీక్టెన్‌స్టెయిన్ రాజధాని వాదూజ్‌కు వెళ్లారు. మొదట ఒక గోల్ ఇచ్చుకున్నారు, అలవాటు ఎక్కడికి పోతుంది. తర్వాత లత్జారి, నాన్ని, గోలినుచ్చి ఒక్కొక్కటి కొట్టారు. 3-1. ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టడం చరిత్రలో మొదటిసారి. పరాయి గడ్డ మీద గెలవడం మొదటిసారి. గ్రూపులో ఏడు పాయింట్లు, మొదటి స్థానం, పై అంచెకు ప్రమోషన్.

ఇక్కడ ఓ చిక్కొచ్చి పడింది. గ్రూపు గెలిచినవాళ్లకు 2026 ప్రపంచ కప్ ప్లేఆఫ్‌కు ఓ దొడ్డిదారి ఉండేది. నిబంధనలు తిప్పి తిప్పి చూస్తే తేలిందేమిటంటే, రుమేనియా తన క్వాలిఫయింగ్ గ్రూపులో రెండో స్థానంలో నిలిచి, ఇంకొన్ని ఫలితాలు కూడా కలిసొస్తే ఆ దారి శాన్ మారినోకు తెరుచుకోవచ్చు. ఆ రుమేనియాతో ఆఖరి మ్యాచ్ ఆడాల్సింది శాన్ మారినోయే. అంటే ఎంత ఘోరంగా ఓడితే అంత లాభం! ముప్పై అయిదేళ్లుగా జీతం లేకుండా చేస్తున్న పనికి చివరికి గుర్తింపు వచ్చే ఘడియ. కానీ విధి వక్రించింది. అంతకు ముందు మ్యాచ్‌లోనే రుమేనియా బోస్నియా చేతిలో ఓడి కథ ముగించేసింది. ఓడే అవకాశం కూడా వేరేవాడు ఓడి లాగేసుకోవడం ఈ లోకంలో శాన్ మారినోకే చెల్లింది. ఆ ఆఖరి మ్యాచ్‌లో, ఇక ఏ ఉపయోగమూ లేదని తెలిశాక, మొదటి గోల్ వీళ్లే కొట్టారు. తర్వాత ఏడు తిన్నారు. క్వాలిఫయర్స్ మొత్తం మీద ఎనిమిది మ్యాచ్‌లు, ఎనిమిది ఓటములు, కొట్టినవి రెండు గోల్స్, తిన్నవి 39.

ఇంతదాకా నవ్వుకున్న పాఠకులు ఒక్క నిమిషం హైదరాబాద్ రండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానంలో నిలబెట్టి, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఊరు ఇది. ఆ ఊరి గచ్చిబౌలి స్టేడియంలో 2024 సెప్టెంబరు 3న మన జట్టు మారిషస్‌తో తలపడింది. గోల్ లేకుండా డ్రా. రెండు రోజుల తర్వాత సెన్సోలి గోల్ కొట్టాడు. ఇంకో నాలుగు రోజులకు అదే గచ్చిబౌలిలో సిరియా మనకు మూడు గోల్స్ కొట్టి వెళ్లింది. నవంబరు 18న మళ్లీ గచ్చిబౌలిలోనే మలేసియా వచ్చింది. 1-1. వాదూజ్‌లో శాన్ మారినో 3-1తో గెలిచిందీ అదే తేదీన.

2024లో 34 వేల మంది దేశం రెండు మ్యాచ్‌లు గెలిచింది. 140 కోట్ల మంది దేశం పదకొండు ఆడి ఒక్కటీ గెలవలేదు. ర్యాంకింగ్స్‌లో ఇప్పటికీ మనమే పైన ఉన్నాం.