మర్యాదగా మెడబట్టి

మనుషుల్ని వదిలించుకునే విద్యలో ఇంగ్లీషును మించిన గురువు లేదు. ఉద్యోగం పీకేస్తే ‘లెట్ గో’ అంటుంది. పాపం ఆ ఉద్యోగి పారిపోదామని ఎన్నాళ్లుగానో గింజుకుంటుంటే, యజమాని దయతలచి చెయ్యి వదిలాడన్నమాట! ‘పార్టింగ్ వేస్’ అయితే ఇంకా సొగసు. ఇద్దరూ కూడలి దాకా కబుర్లాడుకుంటూ నడిచొచ్చి చెరో దారి పట్టినట్టుంటుంది. ఒకాయన కారెక్కి అదే ఆఫీసుకు పోయాడనీ, రెండో ఆయన ఐడీ కార్డుకు పొద్దుటి నుంచి తలుపు తెరుచుకోవడం లేదనీ అందులో ఎక్కడా ఉండదు.

చేసిందెవరో తెలియకుండా పని కానిచ్చేయడమే ఇందులో కిటుకు. చెప్పాపెట్టకుండా జారుకోవడాన్ని ఇంగ్లీషువాడు ‘ఫ్రెంచ్ లీవ్’ అంటాడు. ఫ్రెంచివాడు అదే పనిని ఇంగ్లీషు పద్ధతి అంటాడు. పాపం ఎప్పుడూ పొరుగువాడిదే.

పెళ్లిళ్లదీ ఇదే వరస. 2014లో హాలీవుడ్ నటి గ్వినెత్ పాల్ట్రో, గాయకుడు క్రిస్ మార్టిన్ విడిపోతూ తాము చేస్తున్నది ‘కాన్షస్ అన్‌కప్లింగ్’ అన్నారు. ఆ మాట కూడా సొంతం కాదు, కాథరిన్ వుడ్‌వర్డ్ థామస్ అనే థెరపిస్టుది. ఆవిడ దానికి పాఠాలు కూడా చెబుతారు. విడిపోవడానికీ కోచింగే! ఈ కబురు మన అమీర్‌పేటకు ఇంకా చేరినట్టు లేదు.

అసలు వైభవం చూడాలంటే కంపెనీల మెయిళ్లు చదవాలి. 2023 జనవరి 20న గూగుల్ సుమారు 12,000 మందిని తీసేస్తున్నట్టు చెప్పింది. ఇందుకు దారితీసిన నిర్ణయాలకు పూర్తి బాధ్యత తనదేనని సీఈవో సుందర్ పిచాయ్ రాశారు. బాధ్యత ఆయన తీసుకున్నారు, ఇంటిదారి వాళ్లు పట్టారు. పంపకాలు సమంగానే జరిగాయి. అమెరికాలో పనిచేసేవాళ్లకు కనీసం 16 వారాల జీతం ఇస్తామన్నారు, అది కాదనను. కానీ హెచ్-1బీ వీసా మీద ఉన్న మన కుర్రాడికి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ అతని కోసం పిటిషన్ వేయాలి, లేదా అతనే వేరే వీసాకు మారే దారి చూసుకోవాలి, లేదంటే పెట్టె సర్దాలి. వాడు తెనాలిలో ఉన్న తండ్రికి ఫోన్లో ఏమంటాడు? మెయిల్లో నేర్పిన ముక్కే అంటాడు.

“ట్రాన్సిషన్‌లో ఉన్నాను నాన్నా.”

“అదేం ఊర్రా? మీ డాలస్‌కి ఎంత దూరం?”

2021 డిసెంబరులో బెటర్ డాట్‌కామ్ అనే కంపెనీ అధిపతి విశాల్ గార్గ్ ఒకే జూమ్ కాల్‌లో 900 మంది దాకా పీకేశాడు. ఈ కాల్‌లో ఉన్నవాళ్లంతా దురదృష్టవంతుల జాబితాలో ఉన్నట్టేనని ముఖం మీదే చెప్పాడు. క్రితంసారి ఇలా తీసేసినప్పుడు ఏడ్చానని కూడా అన్నాడు. లోకం దుమ్మెత్తిపోసింది. పోయాల్సిందే, అది మొరటు పని. కాకపోతే ఆ 900 మందికి కనీసం తమనెవరు తీసేశారో తెలిసింది.

ఇప్పుడు కొన్ని కంపెనీలు గెంటేసినవాళ్లను కూడా ‘అలుమ్నై’ అని పిలుచుకుంటున్నాయి. ఇక స్నాతకోత్సవం ఒక్కటే తక్కువ. నల్ల గౌను అద్దె ఆఖరి జీతంలోంచి పట్టుకుంటే సరి.