తాళం చెవి విన్నది

నా పేరులోనే చెవి ఉంది. తెనాలిలో ఒక పాత పెంకుటింటి వీధి తలుపు తాళానికి చెవిని నేను. బెత్తెడు పొడవున్న ఇనుము. బీరువా చెవి, ధాన్యం గది చెవి నాతోపాటు ఒకే గుత్తిలో ఉంటాయి. ముప్పై ఏళ్లు అత్తగారి బొడ్లో ఉన్నాను. కోడలి దగ్గరికి ఎలా వచ్చానో చెబుతాను.

పెళ్లయిన ఆరో ఏట ఒక పొద్దున కోడలు వంటింట్లో పడిపోయింది. ఒళ్లంతా కొయ్యబారి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. "చేతిలో ఇనుము పెట్టండి" అని ఎవరో అరిచారు. అత్తగారు నన్ను లాగి ఆమె గుప్పిట్లో కుక్కారు. రెండు నిమిషాలకి ఒళ్లు సడలింది. "ఇనుము తగిలింది, తగ్గింది" అన్నారు అందరూ.

ఆ పేరు నాకొద్దు. మెదడులో ఒక్కసారిగా చెలరేగిన విద్యుత్తు తనంతట తనే సద్దుమణిగింది. మూర్ఛ చాలాసార్లు అలాగే ఆగుతుంది. నేను చేసిందల్లా ఆమె అరచెయ్యి కోయడమే. నన్ను వెతికే హడావుడిలో ఆమెను పక్కకి తిప్పి పడుకోబెట్టాలనిగానీ, గడియారం చూసి అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకుపోవాలనిగానీ ఎవరికీ తోచలేదు.

ఆనాటి నుంచి పగలు ఆమె నడుమున, రాత్రి ఆమె తలగడ కింద నా కాపురం. అప్పుడే నాకు రెండో సంగతి తెలిసింది. పడిపోవడం ఏడాదికి రెండుమూడుసార్లు. పడిపోనివి మాత్రం వారానికి ఒకటో రెండో. అవి నాకు తప్ప ఎవరికీ తెలియవు.

బజారు నుంచి వస్తుంది. నన్ను తాళంలో పెడుతుంది. సగం తిప్పి ఆగిపోతుంది. వేళ్లు చల్లబడతాయి. ఒక్కోసారి ఆ వేళ్లు తమకు తెలియకుండానే నన్ను తడుముతూ ఉంటాయి, పెదవులు చప్పరిస్తూ ఉంటాయి. నిమిషం తిరిగేసరికి చేతికి మళ్లీ వెచ్చదనం వస్తుంది. లోపలి నుంచి అత్తగారు, "ఏంటమ్మాయ్, గుమ్మంలో అలా నిలబడ్డావు?" అంటారు. "ఏం లేదత్తయ్యా, కళ్లు తిరిగాయి" అంటుంది.

కళ్లు తిరగలేదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆమె మాత్రం ఏమని చెబుతుంది? పడి కొట్టుకుంటే మూర్ఛ అంటాం, ఫిట్స్ అంటాం. నిలబడ్డచోటే లోకం పరాయిదైపోతే దానికి మన వాడుకలో మాటేది? కళ్లు తిరుగుతున్నాయని చెప్పినందుకు ఊళ్లో డాక్టరు బలం మందు రాసిచ్చాడు. ఉన్నదున్నట్టు చెబితే గాలి సోకిందంటారని, పిచ్చి అంటారని ఆమె భయం. ఆ భయం వెనక ఇంకొకటి ఉంది. చిన్నప్పుడూ ఆమెకి ఇలా వచ్చేదని పుట్టింటివాళ్లు పెళ్లిలో చెప్పలేదు. మాటిమాటికీ మూర్ఛ వచ్చేవాళ్లు పెళ్లికి అర్హులు కారనే మాట హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. ఆమె పెళ్లి ఆ తర్వాతే అయింది. చట్టంలోంచి పోయిన మాట ఇళ్లలోంచి పోలేదు.

గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి అత్తగారే తీసుకెళ్లారు. మెదడు తరంగాల పరీక్షలో ఏమీ కనబడలేదు. ఆ డాక్టరు కాగితం పక్కన పెట్టి, "మూర్ఛ లేని వేళ తీస్తే ఇది మామూలుగానే ఉండొచ్చు. పడిపోయే ముందు ఏమనిపిస్తుందో మీరు చెప్పండమ్మా" అని అడిగారు. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. ఆమె నన్ను గట్టిగా పట్టుకుంది.

"పొట్టలోంచి ఏదో పైకి లేస్తుందండి. మాడిన నువ్వుల వాసన వేస్తుంది. ఆ తర్వాత మా ఇల్లు మా ఇల్లులా ఉండదు. మా ఇల్లేనని తెలుసు. అయినా బొమ్మ గీసి నిలబెట్టినట్టుంటుంది. అత్తయ్య మాట నూతిలోంచి వినబడుతుంది. ఈ చెయ్యి నాది కాదనిపిస్తుంది. నేను ఎక్కడో వెనక నిలబడి దీన్ని చూస్తుంటాను."

ఒక్కొక్క మాటకీ నేను చెమటలో తడిశాను.

అదీ మూర్ఛేనన్నారు డాక్టరు. కణత వెనక, మెదడు పక్క భాగంలో పుట్టి, ఒళ్లంతా పాకకుండా అక్కడే ఆగిపోయేదట. భయం, జ్ఞాపకం, ఇది నాకు తెలిసిందే అనే గుర్తింపు, అన్నీ ఆ చుట్టుపక్కలే ఉంటాయి కాబట్టి అక్కడ నిప్పురవ్వ పడితే ముందు చెదిరేది ఆ గుర్తింపేనట. ఆందోళనతోనూ లోకం పరాయిగా అనిపించవచ్చు, కానీ అది చాలావరకు గంటలూ రోజులూ సాగుతుంది. ఇది హఠాత్తుగా వచ్చి, ప్రతిసారీ అదే వాసనతో, అదే వరసలో నడిచి, నిమిషం రెండు నిమిషాల్లో పోతుంది.

లండన్‌లో హ్యూలింగ్స్ జాక్సన్ అనే వైద్యుడు దీనికి కలలాంటి స్థితి అని పేరు పెట్టాడని కూడా చెప్పారు. 1888లో ఆయన ఎవరి గురించి రాశాడో ఆ రోగి స్వయంగా డాక్టరే. ఒకసారి ఆ స్థితిలోనే తన దగ్గరికొచ్చిన రోగిని పరీక్షించి, ఎడమ ఊపిరితిత్తి అడుగున న్యుమోనియా అని రాసిచ్చాడు. తర్వాత అతనికి అదేమీ గుర్తులేదు. మళ్లీ పరీక్షిస్తే రాసింది సరిగ్గానే ఉంది. ఆ మాట విన్నప్పుడు ఆమె పిడికిలి సడలింది. నూరేళ్లకి ముందే, సముద్రాల అవతల, తనలాగే ఒకరు ఉన్నారు.

బస్సులో అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. సగం దారి దాటాక, "ఇన్నేళ్లూ నా గొంతు నీకు నూతిలోంచి వినబడిందా అమ్మాయ్?" అన్నారు. ఇంకేమీ అడగలేదు. పుట్టింటివాళ్లు దాచిన సంగతి కూడా.

పూటకొకటి చొప్పున మాత్రలు మొదలయ్యాయి. పడిపోవడం ఆగింది. చిన్నవి తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. తలగడ కింద నుంచి అత్తగారు నన్ను తీసేసి గుమ్మం పక్క మేకుకి తగిలించారు. నాకు అదే కావాలి. తలగడ దగ్గర ఇప్పుడు తేదీ, వేళ, ఎంతసేపు అని రాసుకునే నోటుపుస్తకం ఉంది.

మొన్న సంతనుంచి ఇద్దరూ వచ్చారు. తాళంలో నన్ను సగం తిప్పి ఆమె ఆగిపోయింది. అత్తగారు సంచి అరుగు మీద పెట్టారు. నన్ను లాక్కోలేదు, ఆమెను కుదపలేదు. చేతి గడియారం చూసుకుంటూ, "ఇక్కడే ఉన్నానమ్మాయ్" అన్నారు.

కాసేపటికి వేళ్లు వెచ్చబడ్డాయి.

"ఎంతసేపత్తయ్యా?"

"నలభై సెకన్లు. నువ్వుల వాసనేనా?"

"అదే."

ఆమె మిగతా సగం తిప్పింది.